ఉన్న కొద్ది సెలవులతో ఎక్కువ ప్రయాణాలు: ఏ పద్ధతి ఎవరికి నప్పుతుంది?

తక్కువ ఖర్చుతో తరచుగా తిరగాలనుకునే ఉద్యోగి దగ్గర రెండు సంచులుంటాయి. ఒకటి డబ్బుల సంచి, రెండోది సెలవుల సంచి. మొదటిది ఖాళీ అయితే వచ్చే నెల జీతంతో కొంతైనా నిండుతుంది, రెండోది ఏడాదికి ఒక్కసారే నిండుతుంది. చౌక ప్రయాణం గురించి మనకు వినిపించే సలహాల్లో చాలా భాగం ఈ రెండో సంచిని పట్టించుకోవు. వారం మధ్యలో బయలుదేరమంటారు, దారిలో రెండు విమానాలు మారమంటారు, ఊరికి దూరంగా ఉన్న చిన్న విమానాశ్రయంలో దిగమంటారు. ఇవన్నీ డబ్బు మిగిల్చే మాట నిజమే, కానీ ఆ మిగులు సెలవుల సంచికి చిల్లు పెట్టి తెచ్చిన మిగులు. ఏడాదికి పదో పదిహేనో సెలవులు మాత్రమే ఉన్నవారు రెండు సంచులనూ పక్కపక్కన పెట్టుకుని లెక్క చూసుకోవాలి. ఈ వ్యాసంలో పద్ధతులన్నిటినీ ఆ లెక్కతోనే పోల్చి చూస్తాను.

సెలవులు ఎన్ని అన్నది దేశాన్నిబట్టి, ఉద్యోగాన్నిబట్టి మారుతుంది. ఏడాది సర్వీసుకు కనీసం 3 పని వారాల వేతన సెలవు ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1970లో తన 132వ ఒడంబడికలో చెప్పింది. ఫ్రాన్సులో 1982 నుంచి అది 5 వారాలు. అమెరికాలోనైతే ప్రైవేటు ఉద్యోగులకు వేతన సెలవు ఇచ్చి తీరాలనే సమాఖ్య చట్టమే లేదు. జపానులో 10 రోజులో అంతకన్నా ఎక్కువో సెలవు దక్కే ఉద్యోగి చేత కనీసం 5 రోజులైనా వాడించే బాధ్యతను యజమానిపై పెట్టే చట్టం 2019లో అమలులోకి వచ్చింది, అంటే ఉన్న సెలవులు వాడుకోవడం కూడా అక్కడ ఒక సమస్యే అయిందన్నమాట. ఈ వ్యాసంలో లెక్కకు వీలుగా 15 రోజుల సెలవు, వారానికి 5 పని దినాలు అని అనుకుందాం. మీ అంకె వేరైతే దాన్ని ఇక్కడ పెట్టి చూసుకోండి, పద్ధతి మారదు.

ముందు కొలబద్ద

టికెట్ల ధరలు పోల్చే ముందు ఒక ప్రశ్నకు జవాబు రాసుకోవాలి: ఈ ప్రయాణంలో ఒక సెలవు రోజు ఖర్చు పెడితే, వెళ్లిన చోట మెలకువగా గడిపే గంటలు ఎన్ని దక్కుతాయి? విమానం గాలిలో ఉండే సమయాన్నో బస్సు నడిచే సమయాన్నో లెక్కలోకి తీసుకుంటే మోసపోతాం. ఇంటి గడప దాటిన నిమిషం నుంచి అక్కడ గది తలుపు తీసే నిమిషం దాకా లెక్కించాలి.

రెండు గంటల విమాన ప్రయాణాన్నే తీసుకుందాం. ఇంటి నుంచి విమానాశ్రయానికి గంటన్నర, అక్కడ రెండు గంటలు ముందుగా ఉండటం, రెండు గంటలు ఆకాశంలో, సామాను తీసుకుని బయటపడటానికి ముప్పావు గంట, అక్కడి నుంచి ఊళ్లోకి గంటంబావు, వెరసి ఏడున్నర గంటలు. శుక్రవారం సాయంత్రం ఆరింటికి పని ముగించి బయలుదేరినవారు గది చేరేసరికి అర్ధరాత్రి దాటి ఒకటిన్నర అవుతుంది. శనివారం తొమ్మిదింటికి బయటపడి రాత్రి పదకొండు దాకా తిరిగితే 14 గంటలు. ఆదివారం ఏడింటికి తిరుగు విమానమైతే ఆ మధ్యాహ్నం పావు తక్కువ నాలుగుకే గది వదలాలి, కనుక ఆ రోజు దక్కేవి 8 గంటలకు మించవు. రెండు రాత్రుల గది అద్దె కట్టి, 22 గంటలు చూసి, ఆదివారం రాత్రి పదకొండుంబావుకు ఇల్లు చేరతారు.

అదే ఊరికి రాత్రి తొమ్మిదింటికి బయలుదేరి ఉదయం ఆరింటికి దించే రైలు గానీ స్లీపర్ బస్సు గానీ ఉంటే కథ మారిపోతుంది. శనివారం ఉదయం ఏడున్నరకల్లా సామాను ఒకచోట పడేసి రోడ్డు మీద ఉంటారు, రాత్రి పదకొండు దాకా పదిహేనున్నర గంటలు. ఆదివారం కూడా ఏడున్నరకే మొదలుపెట్టి రాత్రి ఎనిమిది దాకా ఉండి మళ్లీ బండి ఎక్కవచ్చు, అది మరో పన్నెండున్నర గంటలు. మొత్తం 28 గంటలు, గది అద్దె ఒక్క రాత్రికే, సోమవారం ఉదయం ఇంటికి చేరి స్నానం చేసి ఆఫీసుకు వెళ్లవచ్చు. వేగంగా వెళ్లే విమానం కన్నా నెమ్మదిగా వెళ్లే రైలు ఆరు గంటలు ఎక్కువ ఇచ్చింది, పైగా సెలవు ఒక్కటీ ఖర్చు కాలేదు.

ఇక్కడ ఒక షరతు ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. కదిలే బండిలో నిద్రపట్టే శరీరం ఉన్నవారికే ఈ లెక్క చెల్లుతుంది. నిద్ర పట్టనివారికి శనివారం సగం, సోమవారం మొత్తం మత్తులో పోతాయి, అప్పుడు 28 గంటలు కాగితం మీద మాత్రమే మిగులుతాయి. కొత్తగా ప్రయత్నించేవారు తిరుగు ప్రయాణానికి గాక వెళ్లేటప్పటికి మాత్రమే రాత్రి బండి పెట్టుకుని చూడటం మంచిది. నిద్ర చెడినా సోమవారం ఆఫీసు పని చెడదు.

ఒక్క సుదీర్ఘ ప్రయాణమా, పది చిన్నవా?

15 సెలవులనూ ఒకేసారి పెడితే ముందూ వెనకా, మధ్యలో వచ్చే శని ఆదివారాలు కలిపి 23 రోజులు చేతికొస్తాయి. రాకపోకలకు రెండు రోజులు తీసేస్తే 21 రోజులు నికరం. అదే 15 సెలవులనూ ఒక్కొక్కటిగా వారాంతాలకు తగిలిస్తే మూడేసి రోజుల ప్రయాణాలు 15 అవుతాయి, అంటే 45 రోజులు. ప్రతిసారీ రాకపోకలకు ఒక రోజు పోయిందనుకున్నా 30 రోజులు మిగులుతాయి. రోజులు మాత్రమే లెక్కిస్తే రెండోది గెలిచినట్టే కనబడుతుంది. అయితే ఆ 45లో 30 రోజులు ఎలాగూ మనవే అయిన వారాంతాలు. ఇంటి పనులు, నిద్ర, ఆత్మీయులతో గడిపే సమయం ఆ వారాంతాల్లోంచే పోవాలి. ఏడాదికి పదిహేను వారాంతాలు ఇల్లు వదిలి తిరిగేవారికి తిరుగుడు కూడా ఒక ఉద్యోగంలా తయారవుతుంది. నేను ఒక ఏడాది పదకొండు దాకా వెళ్లాను. తొమ్మిదోసారి తర్వాత సంచి సర్దుతుంటే ఉత్సాహానికి బదులు విసుగు రావడం మొదలైంది.

డబ్బు వైపు నుంచి చూస్తే తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ప్రతి ప్రయాణానికీ రెండు రకాల ఖర్చులుంటాయి. రానుపోను ఛార్జీలు, వీసా, బీమా లాంటివి రెండు రోజులున్నా ఇరవై రోజులున్నా పెద్దగా మారవు. గది, తిండి, లోపలి తిరుగుడు మాత్రం రోజురోజుకూ పెరుగుతాయి. మొదటి రకం ఖర్చు ఎక్కువున్న చోటికి వెళ్తే ఎక్కువ రోజులు ఉండి ఆ ఖర్చును రోజుల మీద పంచుకోవాలి. ఆ ఖర్చు తక్కువున్న చోటికైతే చిన్న ప్రయాణాలు చాలు. సూత్రం ఇంత తేలికైనా ఆచరణలో తలకిందులవుతూ ఉంటుంది. ఎక్కడో ఖండాంతరంలో ఉన్న ఊరికి ఆఫర్ టికెట్ దొరికిందని నాలుగు రోజులకు ఎగిరిపోయేవారున్నారు, గంటన్నర దూరంలో ఉన్న కొండ ఊళ్లో ఏమీ తోచకుండా వారం కూర్చునేవారూ ఉన్నారు.

నేను వాడే కొలత ఒకటుంది. రానుపోను ప్రయాణంలో మెలకువగా గడిపే సమయం, మొత్తం యాత్రలోని మెలకువ గంటల్లో నాలుగో వంతు దాటకూడదు. మూడు రోజుల యాత్రలో రోజుకు 16 గంటల చొప్పున 48 గంటలు మెలకువగా ఉంటాం, దానిలో నాలుగో వంతు 12. అంటే పగటి ప్రయాణమైతే ఒక్కో వైపు ఆరు గంటల లోపు దూరం. అంతకు మించితే రోజులైనా పెంచుకోవాలి, లేదా ప్రయాణాన్ని రాత్రికైనా మార్చుకోవాలి.

విశ్రాంతి మాటేమిటి? నెదర్లాండ్స్ పరిశోధకులు 2013లో వెలువరించిన ఒక అధ్యయనంలో సగటున 23 రోజుల సెలవు తీసుకున్న 54 మంది ఉద్యోగులను గమనించారు. వారి ఆరోగ్యం, హుషారు సెలవు మొదలయ్యాక వేగంగా పెరిగి 8వ రోజుకు తారస్థాయికి చేరాయి, తిరిగి పనిలో చేరిన మొదటి వారంలోనే మామూలు స్థాయికి వచ్చేశాయి. 1,530 మందిపై 2010లో వచ్చిన మరో డచ్ అధ్యయనంలో, ప్రయాణానికి వెళ్లబోయేవారు వెళ్లనివారికన్నా సంతోషంగా ఉన్నారని, తిరిగొచ్చాక మాత్రం ఎక్కువమందిలో ఆ తేడా కనబడలేదని తేలింది. మొదటిది చిన్న నమూనా కాబట్టి దాన్ని శిలాశాసనంగా తీసుకోనక్కర్లేదు. అయినా రెండూ ఒకే వైపు చూపిస్తున్నాయి: మూడు వారాల యాత్రలో చివరి వారం ఇచ్చే అదనపు లాభం తక్కువ, ఎదురుచూపులో ఉన్న సంతోషం ప్రయాణాల సంఖ్యతో పెరుగుతుంది. అందువల్ల ఏడాదికి ఒక తొమ్మిది రోజుల యాత్ర, దాని చుట్టూ కొన్ని చిన్నవి అనే మిశ్రమ పద్ధతి నాకు అన్నిటికన్నా నచ్చుతుంది. శని నుంచి మరుసటి ఆదివారం దాకా లెక్కేస్తే సరిగ్గా తొమ్మిది రోజులు వస్తాయి. ఆ వారంలో పని దినాన ఒక ప్రభుత్వ సెలవు పడితే నాలుగు సెలవులతోనే ఆ తొమ్మిదీ మన చేతికొస్తాయి.

కలిసొచ్చే సెలవుల చిక్కు

గురువారం సెలవొస్తే శుక్రవారం లీవు పెట్టి నాలుగు రోజులు సంపాదించడం అందరికీ తెలిసిన ఉపాయమే. జర్మన్‌లో ఇలాంటి రోజును ‘వంతెన రోజు’ అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు, ఫ్రెంచిలోనూ స్పానిషులోనూ వంతెన అనే మాటే వాడతారు. ఒక్క సెలవుకు నాలుగు రోజులు రావడం కన్నా మంచి బేరం సెలవుల సంచికి దొరకదు. అయితే అందరికీ తెలిసిన ఉపాయం కావడమే దానికున్న లోపం. ఆ నాలుగు రోజుల్లో రైళ్లు నిండుతాయి, గదుల అద్దెలు పెరుగుతాయి, చూడబోయిన చోటులో క్యూలో నిలబడటమే ఒక కార్యక్రమం అవుతుంది. సెలవు మిగిల్చిన ప్రయాణం డబ్బు తినేస్తుంది, డబ్బు మిగిల్చే ప్రయాణం సెలవు తినేస్తుంది. ఈ చిక్కును పూర్తిగా తప్పించుకునే మార్గం లేదు గానీ తగ్గించుకునే మార్గాలున్నాయి.

మొదటిది దిశ మార్చడం. విహార స్థలాలు సెలవుల్లో కిటకిటలాడుతుంటే, ఆఫీసులు, వ్యాపారాలు ఎక్కువున్న నగరాల్లో హోటళ్లు ఖాళీగా ఉంటాయి, ఎందుకంటే వాటి నిత్య ఖాతాదారులైన ఉద్యోగులు ఆ రోజుల్లో ప్రయాణాలు చేయరు. కనుక వరుస సెలవుల్లో పెద్ద నగరాన్ని, మామూలు వారాల్లో సముద్ర తీరాన్నో కొండ ఊరినో పెట్టుకుంటే రెండు చోట్లా ధర దిగుతుంది.

రెండోది, శుక్రవారానికి బదులు సోమవారం లీవు పెట్టడం. చాలామంది అలవాటుగా శుక్రవారం పెడతారు, నేనూ చాలా ఏళ్లు అదే చేశాను. శుక్రవారం సాయంత్రం, ఆదివారం సాయంత్రం అన్ని దారుల్లోనూ రద్దీ సమయాలు. శుక్రవారం లీవు పెట్టి ముందు రాత్రే వెళ్లిపోయినా ఆదివారం రద్దీలోనే తిరిగి రావాలి. సోమవారం లీవు పెట్టి శనివారం ఉదయాన్నే బయలుదేరి సోమవారం సాయంత్రం తిరిగొస్తే రెండు రద్దీలూ తప్పుతాయి. ఆదివారం మధ్యాహ్నం మూడు దాటాక విహార స్థలం ఎలా మారిపోతుందో చూడటం కోసమైనా ఒకసారి ఈ పద్ధతి పాటించాలి. పార్కింగులో కార్లు ఒక్కొక్కటిగా కదిలిపోతాయి, టేబుళ్లు ఖాళీ అవుతాయి, పొద్దున నాలుగింతల మంది నిలబడి ఫోటోలు తీసుకున్న రెయిలింగ్ దగ్గర మీరొక్కరే ఉంటారు. ఆ రాత్రి గది అద్దె కూడా చాలా చోట్ల శనివారం రాత్రి అద్దె కన్నా తక్కువే ఉంటుంది.

సగం రోజు సెలవును చాలామంది చిన్నచూపు చూస్తారు. ఆఫీసు అనుమతిస్తే శుక్రవారం మధ్యాహ్నం హాఫ్ డే పెట్టి ఒంటిగంటకు బయలుదేరినవాడు, సాయంత్రం ఆరింటికి బయలుదేరినవాడికన్నా ఐదు గంటలకు బదులు ఏడెనిమిది గంటలు లాభపడతాడు, రద్దీలో ఇరుక్కోకపోవడమే ఆ అదనానికి కారణం. సెలవుల ఖాతాలో పోయేది అర రోజే.

ఇక నిక్కచ్చిగా ధర కట్టాలంటే ఒక సెలవు రోజు విలువ ఎంతో తెలియాలి. నెలకు చేతికొచ్చే జీతాన్ని 22తో భాగిస్తే స్థూలంగా ఒక పని దినం ఖరీదు తెలుస్తుంది. వేగంగా వెళ్లే మార్గానికి అదనంగా అయ్యే ఖర్చు ఈ అంకె కన్నా తక్కువై, అది నిజంగా ఒక సెలవును మిగిలిస్తే, అదనపు డబ్బు పెట్టడమే లాభం. వాడని సెలవులకు డబ్బు చెల్లించే సంస్థలో పనిచేసేవారికి ఈ పోలిక ఇంకా సూటిగా వర్తిస్తుంది. దీనికి రెండో ముఖం కూడా ఉంది. వరుస సెలవుల్లో కుటుంబంలోని నలుగురికీ అయ్యే అదనపు ఛార్జీలు, పెరిగిన అద్దె కలిపితే కొన్నిసార్లు ఒక రోజు జీతం కన్నా ఎక్కువవుతాయి. అలాంటప్పుడు మామూలు వారంలో జీతం లేని సెలవు, అంటే లాస్ ఆఫ్ పే ఒక రోజు పెట్టి వెళ్లినా మొత్తం మీద చౌకే. ఆఫీసులో దానికి చెడ్డపేరు రాదనుకుంటేనే ఈ దారి. ఒంటరిగా వెళ్లేవారికి ఇది సాధారణంగా గిట్టుబాటు కాదు.

విమానమా, రైలా, బస్సా, సొంత వాహనమా?

పైన చెప్పిన గడప లెక్కను ప్రతి దారికీ వేసి చూస్తే సగం సందేహాలు వాటంతటవే తీరిపోతాయి. అయినా చౌక విమానాల విషయంలో కొంచెం ఆగి మాట్లాడాలి.

చౌక టికెట్లలో కొన్ని ప్రధాన నగరం పేరు చెప్పి దూరపు విమానాశ్రయంలో దించుతాయి. పారిస్ పేరు మీద అమ్ముడయ్యే బోవే విమానాశ్రయం ఆ నగరానికి సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్ పేరు తగిలించుకున్న హాన్ విమానాశ్రయం ఫ్రాంక్‌ఫర్ట్‌కు 100 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. పది రోజుల యాత్రలో ఈ దూరం పెద్ద నష్టం కాదు. రెండు రోజుల యాత్రలో మాత్రం రానుపోను మూడు నాలుగు గంటలు ఎగిరిపోతాయి, ఆ బస్సు టికెట్ ఖర్చు వేరే.

ఉదయం ఆరింటి విమానం ఇంకో మాయ. ఒకసారి అలాంటి టికెట్ చౌకగా దొరికిందని సంబరపడి కొన్నాను. ఆరింటి విమానానికి నాలుగింటికి అక్కడ ఉండాలి, దానికి రెండున్నరకు లేవాలి, ఆ సమయంలో సిటీ బస్సు ఉండదు కనుక టాక్సీ పిలవాలి. మిగిలిందనుకున్న తేడా మొత్తం ఆ టాక్సీకే సరిపోయి ఇంకా కొంత చేతి నుంచి పడింది. ఊళ్లో దిగినప్పుడు పొద్దున్న ఎనిమిదిన్నర. గది మధ్యాహ్నం రెండింటికి గానీ ఇవ్వరు. మొదటి రోజు మధ్యాహ్నం నేను చూసిన అతి ముఖ్యమైన దర్శనీయ స్థలం మ్యూజియంలోని ఒక చెక్క బెంచీ, దాని మీద కూర్చుని గంటంబావు నిద్రపోయాను.

రాత్రి బండ్ల విషయంలో ఒక శుభవార్త ఉంది. జర్మన్ రైల్వే తన స్లీపర్ సర్వీసులను 2016 డిసెంబరులో ఆపేసినప్పుడు వాటిలో కొన్నిటిని ఆస్ట్రియా రైల్వే తీసుకుని ‘నైట్‌జెట్’ పేరుతో నడపడం మొదలుపెట్టింది, ఆ తర్వాత కొత్త మార్గాలూ జతచేసింది. స్లీపర్ రైలు ఉన్న ప్రాంతంలో నివసించేవారు ముందుగా ఆ రైలు మ్యాపు తీసి, ఎనిమిది నుంచి పదకొండు గంటల దూరంలో ఉదయం దించే ఊళ్లు ఏవేవో రాసి పెట్టుకుంటే ఏడాది యాత్రల జాబితాలో సగం తయారైనట్టే. ఆరు గంటల్లో దించే రాత్రి బండి మాత్రం వద్దు. నిద్రా నిండదు, తెల్లవారుజామున నాలుగింటికి మూసిన తలుపుల ముందు నిలబడాల్సి వస్తుంది.

సొంత వాహనం ముగ్గురు నలుగురు కలిసి వెళ్తే చౌక, ఒక్కరే వెళ్తే ఖరీదు. నడిపేవారికి ఆ గంటలు విశ్రాంతి కావన్న సంగతి లెక్కలో మరిచిపోకూడదు.

దూర ప్రయాణం తప్పదనుకుంటే

ఖండాలు దాటే ప్రయాణంలో కంటికి కనబడని ఖర్చు జెట్ లాగ్. శరీర గడియారం కొత్త సమయానికి సర్దుకోవడానికి స్థూలంగా టైమ్ జోన్‌కు ఒక రోజు చొప్పున పడుతుంది, తూర్పు వైపు వెళ్లేటప్పుడు ఇంకొంచెం కష్టం. ఎనిమిది జోన్లు దాటి తొమ్మిది రోజులకు వెళ్తే, శరీరం కుదుటపడే సమయానికి తిరుగు విమానం ఎక్కుతాం, వచ్చాక మళ్లీ మొదటి నుంచి. దీనికి విరుగుడు భూగోళం పటంలోనే ఉంది: తూర్పు పడమరలకు గాక ఉత్తర దక్షిణాలకు వెళ్లాలి. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి జొహానెస్‌బర్గ్‌కు రాత్రంతా విమానంలో ఉండాలి, అయినా రెండు చోట్ల గడియారాల మధ్య తేడా చలికాలంలో ఒక గంట, వేసవిలో సున్నా. టొరంటో నుంచి దక్షిణ అమెరికాలోని లిమా వెళ్లినా తేడా గంటకు మించదు. సెలవులు తక్కువున్నవారు తమ ఊరి రేఖాంశం మీద పైకీ కిందకీ ఏ దేశాలున్నాయో ఒకసారి చూసుకుంటే అనుకోని గమ్యాలు తగులుతాయి.

టికెట్ విషయంలో రెండు మార్గాల మధ్య ఎంచుకోవాల్సి వస్తుంది. మొత్తం దారికి ఒకే టికెట్ తీసుకుంటే మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయినప్పుడు తర్వాతి విమానంలో పంపే బాధ్యత సంస్థదే. విడివిడిగా రెండు టికెట్లు కొంటే చౌకగా పడవచ్చు గానీ మొదటిది ఆలస్యమైతే రెండో టికెట్ కాగితం ముక్కే. సెలవులు పుష్కలంగా ఉన్నవారు ఈ సాహసం చేయవచ్చు. సోమవారం తప్పక పనిలో ఉండాల్సినవారు తిరుగు ప్రయాణంలో మాత్రం ఎన్నడూ చేయకూడదని నా గట్టి అభిప్రాయం.

కొన్ని సంస్థలు దారిలో ఆగి వెళ్లే వెసులుబాటు ఇస్తాయి. ఐస్‌లాండ్‌ఎయిర్ అట్లాంటిక్ దాటేవారిని అదనపు విమాన ఛార్జీ లేకుండా ఐస్‌లాండ్‌లో 7 రోజుల దాకా ఆగనిస్తుంది. ఒక టికెట్‌తో రెండు దేశాలు చూడటం డబ్బుల సంచికి ఎంతో మేలు. తొమ్మిది రోజుల యాత్రలో దీనికి రెండు రోజులకు మించి కేటాయించకపోవడం మంచిది, లేకపోతే రెండు చోట్లా ఏదీ పూర్తిగా చూడని అసంతృప్తి మిగులుతుంది. వీసా కావలసినవారు ఆగే దేశానికి కూడా అది అవసరమేమో ముందే చూసుకోవాలి. వీసా ఫీజు, కాగితాల శ్రమ మొదటి రకం ఖర్చులోకే వస్తాయి కనుక, దొరికే అవకాశం ఉంటే ఎక్కువసార్లు ప్రవేశించడానికి వీలున్న వీసాకే దరఖాస్తు చేయాలి. ఐరోపాలోని చాలా దేశాలకు కలిపి చెల్లే షెన్‌గెన్ వీసాకు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా పెట్టి తీరాలి.

ఆఫీసు దారిలో దొరికే రోజులు

ఆఫీసు పని మీద వేరే ఊరు వెళ్లినప్పుడు దానికి ముందో వెనకో ఒకటి రెండు రోజులు తగిలించుకోవడం ఖర్చులో అన్నిటికన్నా లాభసాటి పద్ధతి, ఎందుకంటే రానుపోను ఛార్జీ ఆఫీసుదే. ముందే లిఖితపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. అదనపు రోజులకు ఆఫీసు బీమా వర్తించకపోవచ్చని గుర్తుంచుకుని సొంతంగా తీసుకోవాలి.

ఎక్కడి నుంచైనా పనిచేయడానికి ఆఫీసు ఒప్పుకుంటే సెలవు పెట్టకుండానే వేరే ఊళ్లో వారం ఉండవచ్చు. వినడానికి ఇది అన్ని సమస్యలకూ మందులా ఉంటుంది. నిజానికి పగలంతా పనిచేసేవారికి ఆ ఊళ్లో సాయంత్రాలు, పొద్దున్న ఒకటి రెండు గంటలు మాత్రమే దక్కుతాయి. దాన్ని యాత్ర అనుకుని వెళ్తే నిరాశ తప్పదు, ప్రయాణ దినాలను వారాంతంలో పెట్టి ఆ రెండు వారాంతాలను అక్కడ గడపడానికి వేసిన వంతెన అనుకుంటే సంతృప్తి ఉంటుంది. సరిహద్దు దాటితే మాత్రం ఆలోచించాలి. పర్యాటక వీసా మీద పనిచేయడాన్ని అనుమతించని దేశాలు చాలా ఉన్నాయి. ఎస్టోనియా 2020లో ఇలాంటివారి కోసం ప్రత్యేక వీసా తెచ్చింది, తర్వాత మరికొన్ని దేశాలూ ఆ బాట పట్టాయి. అయినా అవి వారం రోజులకు వెళ్లేవారి కోసం పెట్టినవి కావు.

బసను ఎలా ఎంచుకోవాలన్నది ఒక్క పేరాతో ముగించవచ్చు. ఒకటి రెండు రాత్రులకు రైలు స్టేషనుకో బస్టాండుకో నడిచి వెళ్లగలిగే దూరంలో, సామాను దాచుకోనిచ్చే చోటు తీసుకోవాలి, అద్దె కొంచెం ఎక్కువైనా ఫర్వాలేదు. ఐదు రాత్రులు దాటితే వంటగది ఉన్న ఇల్లు, ఊరి మధ్యకు అరగంట దూరమైనా సరే, తక్కువలో పడుతుంది. ఒంటరిగా తిరిగేవారికి డార్మిటరీ బెడ్డు ఎప్పుడూ చౌకే, కాకపోతే నిద్ర విషయంలో రాత్రి బండికి చెప్పిన షరతే దీనికీ వర్తిస్తుంది. రాత్రి బండి, డార్మిటరీ, మళ్లీ రాత్రి బండి అని వరుసగా పెట్టుకున్నవారు బుధవారం దాకా కోలుకోరు.

పదిహేను రోజులను పంచితే

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఒక ఏడాది క్యాలెండరు మీద పెట్టి చూద్దాం. ఒక ప్రభుత్వ సెలవు పడే వారాన్ని చూసి నాలుగు లీవులతో తొమ్మిది రోజుల యాత్ర ఒకటి. కలిసొచ్చే సెలవులకు ఒక్కో లీవు తగిలించి నాలుగేసి రోజుల యాత్రలు రెండు, ఇవి పెద్ద నగరాలకు. మామూలు వారాల్లో సోమవారం లీవుతో మూడేసి రోజుల యాత్రలు ఆరు, ఇవి తీరాలకు, కొండలకు, నాలుగో వంతు కొలతలో ఇమిడే దూరాలకు. మొత్తం తొమ్మిది ప్రయాణాలు, 35 రోజులు, ఖర్చయిన లీవులు 12. లీవు అక్కర్లేని రాత్రి బండి వారాంతాలు దీనికి అదనం.

డబ్బు బాగా బిగువుగా ఉన్నవారు ఇందులో తొమ్మిది రోజుల యాత్రను ఏడాది విడిచి ఏడాది పెట్టుకుని, వెళ్లని ఏడాది ఆ నాలుగు లీవులను మరో నాలుగు సోమవారాలకు మార్చుకోవచ్చు. చిన్నపిల్లలున్నవారికి బడి సెలవులే శాసనం, సోమవారం ఉపాయం వారికి చెల్లదు. వారు ప్రయాణాల సంఖ్య తగ్గించుకుని, ఒకే ఊళ్లో మకాం పెట్టి చుట్టుపక్కల తిరిగే పద్ధతి ఎంచుకుంటే ప్రతిసారీ సామాను సర్దే శ్రమైనా తప్పుతుంది. ఇద్దరూ ఉద్యోగాలు చేసే దంపతులు ఎవరి దగ్గర తక్కువ సెలవులున్నాయో ఆ అంకెతోనే లెక్క వేయాలి.

ఇంత తరచుగా వెళ్లేవారికి సర్దుకునే పని కూడా ఒక ఖర్చే. నా బీరువా కింది అరలో ఒక చిన్న సంచి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. రెండో టూత్‌బ్రష్, రెండో ఛార్జరు, మందుల పొట్లం, పలుచటి తువ్వాలు, తాళం కప్ప, గుర్తింపు కార్డు నకలు అందులోంచి బయటికి రావు. బయలుదేరేటప్పుడు రెండు జతల బట్టలు వేస్తే పది నిమిషాల్లో పని అయిపోతుంది. సీటు కింద పట్టే సంచి కనుక విమానంలో బ్యాగేజీకి డబ్బు కట్టే అవసరమూ, దిగాక బెల్టు దగ్గర కాచుకునే ముప్పావు గంటా ఉండవు.

మిగిలిన ఆ మూడు లీవుల జోలికి మొదటి తొమ్మిది నెలలు వెళ్లకూడదు. జ్వరం, ఇంటి అవసరం, ఆలస్యమైన తిరుగు రైలు వాటిలోంచే భర్తీ కావాలి. పదో నెల మొదట్లో మీ ఆఫీసు నిబంధనలు చూడండి. వాడని సెలవులు వచ్చే ఏడాదికి కలుస్తాయంటే అలాగే వదిలేయండి, వచ్చే ఏడాది తొమ్మిది రోజుల యాత్ర పన్నెండు రోజులవుతుంది. రద్దయిపోతాయంటే రద్దీ లేని ఒక వారంలో మంగళ, బుధ, గురువారాలు పెట్టి, ఏడాదంతా మనం వద్దనుకున్న ఆ వారం మధ్య చౌక టికెట్‌ను అప్పుడు కొనండి.